లింబాద్రన్న తుపాకీ ముట్టలేదు

గంగమణి అక్కకు,

తమ్ముడు సాయిలు దండం పెట్టి రాస్తున్నది. నువ్వు, బావ, అత్తమ్మ అందరూ క్షేమంగా ఉన్నారని అనుకుంటున్నాను. అత్తమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? ఆర్మూర్ దవాఖానలో రాసిచ్చిన మందులు వాడుతోందా, ఎప్పటిలాగే సగం మింగి సగం గూట్లో పెట్టిందా? పసుపు ఉడకబెట్టడం ఈపాటికి అయిపోయి ఉంటుంది. ఈ ఏడు కొమ్ము బాగా ఊరిందని బావ చెప్పాడు. ఆరబోసిన నాలుగు రోజులూ మబ్బు పట్టకుండా ఉంటే అదే చాలు.

నేను బాగానే ఉన్నాను. ఈ అరబ్బు దేశంలో చలి పోయింది, దుమ్ముగాలి మొదలైంది. పొద్దున లేచేసరికి దుప్పటి మీద సన్నటి ఇసుక ఉంటుంది. వేళకు తింటున్నాను. గదిలో ఆరుగురం వంతులవారీగా వండుకుంటాం. నా వంతు వచ్చిన రోజు పప్పుచారు, గుడ్డు. నువ్వు పంపిన పసుపు అయిపోయింది. ఇక్కడి దుకాణంలో దొరికే దానికి రంగు తప్ప వాసన లేదు. నా గురించి ఫికర్ చేయకు.

ఆ మధ్య ఫోన్‌లో నువ్వు అడిగావు, "తమ్మీ, లింబాద్రి సంగతి నీకేమన్న ఎర్కనా?" అని. "నాకేం ఎర్క లేదక్కా" అన్నాను. అది అబద్ధం. ఫోన్‌లో నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. మధ్యలో నువ్వు ఏడిస్తే నేను ఆపేస్తాను, లేకపోతే నేనే మాట మారుస్తాను. అందుకే రాస్తున్నాను. మన ఆర్మూర్ ఖదీర్ భాయ్ సెలవు మీద వస్తున్నాడు. ఉత్తరం ఆయనే నీ చేతికి ఇస్తాడు. ముందు నువ్వొక్కదానివే చదువు. తర్వాత సుజాత వదిన దగ్గరికి తీసుకెళ్లి ఆమెకు చదివి వినిపించు. ఎవరి ద్వారానో చెప్పించకు. ఆమె భర్త లింబాద్రన్న ఎట్లా చనిపోయాడో ఇందులో ఉంది. నేను చేసిన పని కూడా ఉంది.

నేను తుపాకులు బాగుచేసే వర్క్‌షాప్‌లో చేరానని నీకు తెలుసు. వేట తుపాకులు అమ్మే పెద్ద దుకాణం, దాని వెనక వర్క్‌షాప్. ఆర్మూర్‌లో లేత్ మిషన్ దగ్గర పసుపు పాలిష్ డ్రమ్ములకు బేరింగులు వేసినవాడిని ఇక్కడ రైఫిళ్ల దగ్గర ఎందుకు పెట్టుకున్నారో నీకు చెప్పలేదు. నా ఎడమచెయ్యి వల్ల. చిన్నప్పుడు నేను పలక మీద ఎడమచేత్తో రాస్తుంటే నువ్వే బలపం లాక్కుని కుడిచేతిలో పెట్టేదానివి. ఇక్కడ ఎడమచేతి వాటం వాళ్ల కోసం వేరే రైఫిళ్లు ఉంటాయి. గుండు ఎక్కించే బోల్ట్ ఎడమవైపు ఉంటుంది, లాగడం నెట్టడం అంతా తిరగేసి ఉంటుంది. అట్లాంటిది రిపేరుకు వస్తే భుజానికి ఆనించి చూసేవాడు వర్క్‌షాప్‌లో ఒక్కడూ లేడు. నేను చేరిన నెలకే ఎడమచేతి తుపాకీ ఏది వచ్చినా నా బల్ల మీదికి రావడం మొదలైంది.

లింబాద్రన్న నాకు అక్కడే కలిశాడు. ఒక ముసలాయన దగ్గర డ్రైవర్. ఒకరోజు ఆయన్ని తీసుకొచ్చి, లోపలికి వచ్చి నిలబడి నా వైపు చూసి చూసి అడిగాడు.

"తమ్మీ, నువ్వు ఫోన్ల మాట్లాడుతుంటే ఇన్న. మన దిక్కేనా నువ్వు?"

"మోర్తాడ్ అన్నా."

"మాది ఆలూర్‌రా! మోర్తాడ్‌ల ఎవలోల్లు?"

మా అక్కను ఆలూర్‌కే ఇచ్చామన్నాను. నీ పేరు చెప్పగానే, "గంగమణి తమ్మునివా? మా ఇంటికి రెండు గల్లీలే" అని నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆ తర్వాత ఎప్పుడు ఇటు వచ్చినా నా కోసం ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి ఉడకబెట్టిన మక్కకంకులు తెచ్చాడు. "మన అంకాపూర్ కంకి లెక్క లేదు గని తిను" అన్నాడు. సుజాత వదిన గురించి చెప్పేవాడు. ఆమె బీడీలు చుడుతూ ఫోన్ పక్కన పెట్టుకుని మాట్లాడుతుందనీ, మాటల మధ్యలో కత్తెర చప్పుడు వినిపిస్తే అన్నం తిన్నంత తృప్తిగా ఉంటుందనీ అనేవాడు.

ఆ ముసలాయనది ఎడమచేతి వాటం. ఏడాది కింద పక్షవాతం వచ్చి తగ్గింది కానీ ఎడమచేతి వేళ్లలో బలం పూర్తిగా తిరిగి రాలేదు. ఆయన రైఫిల్ చాలా ఏళ్లనాటిది, మంచిది, ఎడమచేతిది. దాని ట్రిగ్గర్ గట్టిది. "వేలు నొక్కుతుంటే గొట్టం పక్కకు పోతోంది, తేలిక చెయ్యి" అన్నాడు. ఆయనకు ఉర్దూ వచ్చు, అందులోనే మాట్లాడేవాడు. స్నేహితులతో కలిసి చలిదేశం కొండల్లోకి వేటకు వెళ్తున్నాడు, మూడు వారాలే టైముంది. "బహుశా ఇదే ఆఖరుసారి" అని నవ్వాడు.

అక్కా, ట్రిగ్గర్ అంటే వేలితో నొక్కేది ఒక్కటే కాదు. దాని వెనక చిన్న పెట్టె ఉంటుంది. అందులో రెండు ఉక్కు ముక్కలు, ఒకదాని అంచు మీద ఇంకొకటి ఆగి ఉంటుంది. వేలు నొక్కితే అంచు జారి తుపాకీ పేలుతుంది. ఆ ఆనుడు ఎంత తక్కువ పెడితే ట్రిగ్గర్ అంత తేలిక. మరీ తక్కువైతే వేలు తగలకుండానే, దెబ్బకో కుదుపుకో జారుతుంది. మా పనిలో తెలివంతా ఆ అంచు దగ్గరే.

ముందు పాత ట్రిగ్గర్‌నే వదులు చేసి చూశాను. ఎంత వదిలినా ఆయన వేలికి బరువే. ఆయన నొక్కుతుంటే ముంజేయి వణకడం చూశాను. ఇక మిగిలింది వేరే కంపెనీ ట్రిగ్గర్ కొని బిగించడం. రెండు దొరికాయి. ఒకటి ఎడమచేతి తుపాకీ కోసమే చేసింది. మరీ తేలిక కాదు, కానీ ఆయన వేలికి సరిపోతుంది. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఎడమవైపే, బొటనవేలి కింద ఉంటుంది. అది తెప్పించడానికి ఆరు వారాలు. రెండోది మా అలమారాలోనే ఉంది. కుడిచేతి వాళ్లకు చేసింది, గురిపోటీల వాళ్లు వాడేది, ఈక తగిలితే జారేంత తేలిక. దాన్ని ఈ రైఫిల్‌కు పెడితే సేఫ్టీ మీట కుడివైపుకు వస్తుంది. తుపాకీ కర్రను కొంచెం చెక్కాలి. ఆయన ఎడమచేతి బొటనవేలికి అది సరిగా అందదు. రెండో చెయ్యి తెచ్చి తిప్పుకోవాలి.

మేనేజర్‌తో చెప్పాను, ఆరు వారాలు ఆగమని ఆయనకు చెప్పండని. "కస్టమర్ మూడు వారాల్లో వెళ్తుంటే ఆరు వారాలంటావా? నీకు చేతకాకపోతే చెప్పు" అన్నాడు. ఆ మాట గుచ్చుకుంది. మేనేజర్ బలవంతం చేశాడని నీకు రాసి తప్పించుకోవచ్చు. కానీ ఆయన నా చేతులు కట్టెయ్యలేదు కదా. నాకు చేతనవుతుందని చూపించాలనిపించింది. కుడిచేతి దాన్ని ఎడమచేతి తుపాకీకి పట్టించడం ఆ వర్క్‌షాప్‌లో ఇంతకుముందు ఎవరూ చేయలేదు. రెండు రోజులు కూర్చుని చెక్కాను. మీట కర్రకు తగలకుండా తిరిగింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు.

బిగించాక పరీక్ష ఉంటుంది. ఖాళీ తుపాకీని సిద్ధం చేసి, దాని మడమను, అంటే భుజానికి ఆనించే కర్ర చివరను, రబ్బరు చాప మీద గట్టిగా కొట్టాలి. లోపల అంచు జారకూడదు. ఇరవైసార్లు కొట్టాను. ఒకసారి జారింది. 'టక్' మని చిన్న చప్పుడు. స్క్రూ కొంచెం బిగించి మళ్లీ ఇరవైసార్లు కొట్టాను. జారలేదు. ఇంకొంచెం బిగిస్తే ముసలాయన వేలికి మళ్లీ బరువవుతుంది. నా చెయ్యి అక్కడ ఆగింది. ఒకసారి జారిన దాన్ని నమ్మకూడదని నాకు తెలుసు. జాబ్ కార్డు మీద 'మొదటి పరీక్షలో జారింది, సరిచేశాను' అని రాశాను. రాసినందుకు నా పని అయిపోయినట్టు అనుకున్నాను.

ముసలాయన వచ్చి నొక్కి చూసి నా భుజం తట్టి "ఉస్తాద్" అన్నాడు. నన్ను ఎవరూ అట్లా పిలవలేదక్కా ఇన్నేళ్లలో. సేఫ్టీ ప్రతిసారీ కుడిచేత్తో వేసుకోవాలని, గుండు పెట్టి ఎక్కడా వదలవద్దని రెండుసార్లు చెప్పాను. తలాడించాడు. లింబాద్రన్న పక్కనే ఉన్నాడు. "నువ్వు జెప్పింది ముసలాయనకు యాదుండదు తమ్మీ, నిన్న మందు గోలీలు మింగిండో లేదో నన్నే అడుగుతడు" అని నవ్వాడు. నేను కూడా నవ్వాను.

వారం తర్వాత అయింది. ఊరి అవతల ఆయనకు మేకల తోట ఉంది. పొద్దున పది గంటలప్పుడు అక్కడ గురి ప్రాక్టీసు చేశాడు. ఇంకో గుండు పెట్టుకున్నాక ఎవరో పలకరించడానికి వచ్చారు. రైఫిల్‌ను బండి వెనక సీటు మీద పడుకోబెట్టి వాళ్లతో నడిచాడు. సేఫ్టీ వేయలేదు. గొట్టం తలుపు వైపు ఉంది. లింబాద్రన్న అవతలి నుంచి ఫ్లాస్కు తెచ్చి ముందు సీట్లో పెట్టాడు, వెనక తలుపు సగం తెరిచి ఉండటం చూసి మూశాడు. పాత బండి, తలుపు గట్టిగా వేస్తే గానీ పడదు. వేశాడు. ఆ దెబ్బకు తుపాకీ పేలింది. తూటా తలుపులోంచి వచ్చి ఆయన కడుపులో దిగింది.

ఇదంతా నేను చూడలేదు. మేకలు కాసే బంగ్లాదేశ్ మనిషి చూశాడు. తర్వాత తోటకు వెళ్లి ఆయన్ని పట్టుకుని అడిగాను. పరుగెత్తుకొచ్చి లింబాద్రన్న తల ఒళ్లో పెట్టుకున్నది ఆయనే. అంబులెన్సు వచ్చేలోపే ప్రాణం పోయింది. "చివర ఒక మాట రెండుమూడుసార్లు అన్నాడు, నాకు అర్థం కాలేదు, మీ భాషా?" అని అడిగి, గుర్తు చేసుకుని పలికాడు. "ఇంటికి" అన్నాడట. నేను అర్థం చెప్పాను. ఆ మనిషి మేకల వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు. ఈ మాట సుజాత వదినకు వినిపించాలో వద్దో నువ్వే చూడు. నాకు తోచడం లేదు.

తర్వాత సంగతి మీకు వేరేలా చేరింది. ముసలాయన కొడుకు పోలీసులకు ఇంకో కథ చెప్పాడు. యజమాని లేనప్పుడు డ్రైవర్ తుపాకీ తీసి ఆటలాడాడు, పేలింది అని. కాగితం మీద అదే రాశారు. శవంతో పాటు అదే కాగితం శంషాబాద్‌లో దిగింది, అదే ఆలూర్‌కు వచ్చింది. పెట్టె దించిన రోజు ఊళ్లో ఏమనుకున్నారో నువ్వే ఫోన్‌లో చెప్పావు. "ముట్టరాని దాన్ని ఎందుకు ముట్టిండు, పెండ్లాం మొఖమన్న యాదికి రాలేదా అంటున్నరు తమ్మీ. లింబాద్రి నాయిన సుత గట్లనే అన్నడు. సుజాత ఎవ్వలతోని మాట్లాడుతలేదు" అన్నావు. నేను "ఊ" అంటూ విన్నాను. అప్పటికే నాకు అంతా తెలుసు.

మేనేజర్ నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు. "నువ్వు ఆ రైఫిల్ ముట్టలేదు. కార్డు లేదు. అర్థమైందా?" అన్నాడు. కార్డు నా ఎదుటే చింపాడు. పది రోజులు పనికి వెళ్లాను, వచ్చాను, తిన్నాను, పడుకున్నాను. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే మాత్రం ఉలిక్కిపడేవాడిని. నా వంతు రోజు వండటం మర్చిపోయాను, గదిలోవాళ్లు తిట్టారు. నీ ఫోన్ వచ్చింది, నీతో అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం చెప్పాక అన్నం లోపలికి పోలేదు.

మర్నాడు ఖదీర్ భాయ్ దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. ఆయన ఇక్కడ ఇరవై ఏళ్ల నుంచి టైలరింగ్ చేస్తున్నాడు, అరబ్బీ బాగా వచ్చు. మిషన్ ఆపి నా వైపు తిరిగాడు.

"సాయిలూ, నువ్వు పోయి చెప్తే గా కేసు నీ మీదికి వస్తది. మాలూమ్ హైనా?"

"తెలుసు భాయ్."

"నౌకరీ పోతది. జైల్‌ల పెట్టినా పెడ్తరు. ఇంటికాడ ఎవలున్నరు నీకు?"

"అక్క ఉంది."

"అక్కకు చెప్పినవా?"

"లేదు."

ఆయన టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "చలో. నీ జబాన్ నేనైత. గని ముందు గా ముసలాయన తాన్కి పోదాం. ఆయన ఏమంటడో ఇందాం" అన్నాడు.

ముసలాయన పెద్దగదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. ఉస్తాద్ అనలేదు. సుజాత వదిన గురించి, ఊళ్లో అంటున్న మాటల గురించి చెప్పాను. నేను బిగించిన ట్రిగ్గర్ ఒకసారి జారిందని కూడా చెప్పాను. ఆయన తన ఎడమచేతి వేళ్లను కుడిచేత్తో ఒక్కొక్కటే చాపుకుంటూ విన్నాడు. చివరికి, "గుండు పెట్టింది నేను. మర్చిపోయింది నేను. లింబాద్రి నాకు బూట్లు కూడా తొడిగేవాడు" అన్నాడు. అంతలో కొడుకు లోపలికి వచ్చాడు. మమ్మల్ని బయటికి పొమ్మన్నాడు. ముసలాయన తల ఎత్తలేదు. గేటు దగ్గర ఖదీర్ భాయ్, "ఆయన రాడు. నడువ్, మనమే పోదాం" అన్నాడు.

పోలీసు స్టేషన్‌లో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. అధికారి కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. నేను తెలుగులో చెబుతుంటే ఖదీర్ భాయ్ అరబ్బీలో చెప్పాడు. రెండు ట్రిగ్గర్ల సంగతి, మీట సంగతి, టక్ మని జారిన సంగతి, చిరిగిన కార్డు సంగతి, ఏదీ దాచలేదు. ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగాడు. వాళ్లింట్లో ఆయన్ని తిడుతున్నారని చెప్పాను. ఖదీర్ భాయ్ ఆ మాటను అరబ్బీలో రెండుసార్లు చెప్పాడు.

మూడు రోజులకు వాళ్లు ఆ రైఫిల్ తెచ్చి నా ముందే పరీక్ష చేశారు. మూడో దెబ్బకే జారింది. మేకల మనిషిని పిలిచి అడిగారు, ఆయన చూసింది చెప్పాడు. ఆ రోజే ముసలాయన కూడా వచ్చాడు. కొడుకు చెయ్యి పట్టుకుని ఆపుతున్నా విడిపించుకుని, కర్ర పట్టుకుని నడిచి వచ్చి, గుండు పెట్టి వదిలేసింది తానేనని అధికారి ముందు చెప్పాడు. రాడనుకున్నాం, వచ్చాడు. నా వైపు మాత్రం చూడలేదు.

ఇప్పుడు కాగితం మార్చారు. చనిపోయిన మనిషి తుపాకీ ముట్టలేదు, బండి తలుపు మాత్రమే మూశాడు అని స్పష్టంగా రాశారు. దాని నకలు, ఖదీర్ భాయ్ తెలుగులో రాయించినది కూడా ఈ ఉత్తరంతోనే ఉంది. సుజాత వదినకు ఇవ్వు. వాళ్ల మామకు చదివి వినిపించు. సర్పంచ్‌కు చూపించు. ఊళ్లో ఎవరెవరు ఆ మాట అన్నారో వాళ్ల ముందు బావను గట్టిగా చదవమను. బావ గొంతు మార్కెట్ యార్డు ఆ చివరకు వినిపిస్తుంది, ఇక్కడ కూడా అట్లాగే చదవమను.

నా సంగతి. దుకాణం వాళ్లు నన్ను తీసేశారు. పాస్‌పోర్టు పోలీసుల దగ్గర ఉంది. కేసు తేలేదాకా దేశం దాటకూడదు. మేనేజర్ మీద కూడా రాశారు, నా మీద కూడా రాశారు. ఏం తేలుస్తారో తెలియదు. జైలు ఉండొచ్చని వకీలు అంటున్నాడు, ఉండకపోవచ్చనీ అంటున్నాడు. ఖదీర్ భాయ్ తన దుకాణం వెనక గదిలో పడుకోమన్నాడు. గుండీలు కుట్టి పెడుతున్నాను. సూది కూడా ఎడమచేత్తోనే. తిండికి లోటు లేదు. నేను బాగానే ఉన్నాను అక్కా, నిజంగానే. అన్నం పోతోంది ఇప్పుడు.

ఒక మాట అడుగుతాను, కాదనకు. నా కోసం సంబంధం చూడటం ఆపెయ్యి. సిరికొండ వాళ్లకు కబురు పంపు, ఇప్పుడప్పుడే కాదని. కారణం అడిగితే ఉన్నది చెప్పు. దాచి పిల్లను తెచ్చుకోవద్దు.

సుజాత వదినకు నా మాటగా ఇది చెప్పు. సేఫ్టీ వేయనిది ముసలాయన, తలుపు మూసింది లింబాద్రన్న, కానీ జారే అంచును జారుతుందని తెలిసి వదిలింది నేను. ఆరు వారాలు ఆగమని గట్టిగా అని ఉంటే, పని పోతే పోయిందని ఒక్కసారి అని ఉంటే, ఆయన ఈ పాటికి ఆమెతో ఫోన్‌లో మాట్లాడుతూ ఉండేవాడు. క్షమించమని అడగను. అడిగే హక్కు నాకు లేదు. ఆమె తిడితే నువ్వు నా తరఫున అడ్డం మాట్లాడకు. నన్ను చూడనంటే వచ్చాక కూడా ఆ గల్లీలోకి రాను. నాతో మాట్లాడాలనుకుంటే మాత్రం ఖదీర్ భాయ్ దగ్గర నంబరు ఉంది. ఆమె అడిగింది ఏదైనా సరే, దాచకుండా చెబుతాను.

బావకు నమస్కారం. అత్తమ్మ కాళ్లకు దండం. మందులు పూర్తిగా వాడమని నా మాటగా చెప్పు. ఎండకు బీడీలు చుడుతూ వాకిట్లో కూర్చోకు, నీడకు జరుగు. నాకు పసుపు పంపకు, ఎక్కడ ఉంటానో నాకే తెలియదు.

ఇన్నేళ్లూ ప్రతి ఉత్తరం చివరా, ప్రతి ఫోన్ చివరా నన్ను దీవించమని అడిగేవాడిని. ఈసారి అడగడం లేదు. ముందు సుజాత వదిన దగ్గరికి వెళ్లిరా. ఆమె ముఖం చూశాక కూడా నీకు మనసొస్తే, అప్పుడు దీవించు.

నీ తమ్ముడు,
సాయిలు